బండి అద్దము - మంచు, దుమ్ము, వేపాకు

మంచు అను మాట వినినపుడు మీకేమి తోచునో గాని, మా పులివెందుల ప్రాంతమువారికి పుష్యమాసమున తోటలపై పఱచుకొను పొగమంచు, తెల్లవారి అరటియాకు కొననుండి జారు నీటిబొట్టు, ఇంతియే తోచును. ఎన్నడో యొకనాడు గాలివానతో నాలుగు వడగండ్లు పడుట తప్ప, ఆకసమునుండి గడ్డకట్టిన నీరు రాలుట మేమెఱుగము. అట్టి మేము బండి అద్దముపై పడు మంచును గూర్చి వ్రాయబూనుట మీకు నవ్వు పుట్టింపవచ్చును. కాని యీ కథలో మంచుతోపాటు మా యింటి వేపాకు వచ్చును, పెన్న యిసుక వచ్చును. వానికంటె ముఖ్యముగా మేము చేసిన యొక తప్పు వచ్చును. దానిని దాచక చెప్పుటకే యీ నాలుగు మాటలు.

మేమనగా తోటికోడండ్రమిద్దరము. ఇరువది యేండ్లకు పైగా ఒకే పొయ్యిమీద వండుకొనుచున్న వారము. పులివెందులకు చేరువను మాకు అరటితోట కలదు, కొంత చీనీతోటయు కలదు. మగవారు తోట చూచుకొందురు. గెలలను పికప్పు బండికెత్తి జమ్మలమడుగు, ప్రొద్దుటూరు అంగళ్లకు తోలుకొనిపోవువాడు మా అబ్బాయి. అతడు మాలో నెవరి కడుపున పుట్టెనో ఊరివారికి తెలియును గాని యింటిలో ఆ లెక్క లేదు. ఒకరిని అమ్మా యనును, ఒకరిని పెద్దమ్మా యనును, ఇరువురి చేతి ముద్దయు తినును.

సాయంకాలమే బండి నిండును. రాత్రి యంతయు అది మా యింటిముందరి వేపచెట్టు క్రింద నిలిచియుండును. తెల్లవారుజామున నాలుగున్నరకు బయలుదేరినచో ముద్దనూరు మీదుగా జమ్మలమడుగు చేరి, అచ్చట కొన్ని గెలలు దించి, ప్రొద్దెక్కకమునుపే ప్రొద్దుటూరు చేరవచ్చును. కాబట్టి మేము నాలుగింటికే లేతుము. ఒకరు టీ కాచి, చిత్రాన్నము కట్టియిత్తుము. మఱియొకరు బండి అద్దము తుడుతుము. ఈ పని మమ్మెవరును చేయుమనలేదు. బిడ్డ చీకటిలో పోవునే, దారి చక్కగ కనబడవలెనే యని మాయంతట మేమే పెట్టుకొనిన పని. పాత నూలుచీర చింపి నాలుగు మడతలు వేసి, పొడిగుడ్డతో అద్దము కిఱ్ఱుమను వఱకు రుద్దెడివారము. వాకిట ముగ్గు చూచుకొనినట్లు దానిని దూరమునుండి చూచుకొని సంతసించెడివారము. ఇట్లు మూడేండ్లు జరిగినది.

మా యింటి ఆడపడుచు, అనగా మా పెద్దమ్మాయి, పెండ్లియై అమెరికాలో మిషిగన్ రాష్ట్రమున డెట్రాయిటు నగరమునకు చేరువను కాపురమున్నది. చలికాలమున మాకు తెల్లవారుజామున నాలుగున్నర యైనపుడు వారికి ముందునాటి సాయంకాలము ఆరు గంటలు. మేము బండి సాగనంపునప్పటికి ఆమె పనినుండి యిల్లు చేరును. అందుచేత ఆ వేళకే ఫోనులో మాటలాడుట మాకలవాటు. మా అల్లుడును అచ్చట నొక పికప్పు బండి కొనినాడు. అది మా బండికి అన్నవలె నుండును.

మొన్నటి చలికాలమున నొకనాడు ఆమె, "అమ్మా, ఈ పొద్దు మోకాటిలోతు మంచు పడింది. తెల్లారి లేచి చూస్తే బండి యేదో, దిబ్బ యేదో తెలియలేదు. రాత్రే అద్దానికి గుడ్డ కప్పినాము కాబట్టి సరిపోయింది" అని చెప్పెను. బండికి దుప్పటి కప్పుటయా యని మేము పకపక నవ్వితిమి. "మేము గుడ్డ కప్పము తల్లీ, గుడ్డతో తుడుస్తాము. కప్పుకొని పడుకొంటే పని జరుగునా?" అని పరిహాసమాడితిమి. ఆమెయు నవ్వి యూరకుండెను. ఆ నవ్వునకు మేము ఫలమనుభవించుటకు ఎన్నో దినములు పట్టలేదు.

సంక్రాంతి వెళ్లిన వారమున జరిగినది. ఆనాడు పొగమంచు దట్టముగ నుండెను. అబ్బాయి జమ్మలమడుగులో గెలలు దించి ప్రొద్దుటూరు దారి పట్టునప్పటికి మంచు విడిపోయి సూర్యుడు అప్పుడే పైకి వచ్చుచుండెను. జమ్మలమడుగునుండి ప్రొద్దుటూరు ఆగ్నేయదిక్కున నున్నది. ఆ నెలలో సూర్యుడుదయించునదియు ఇంచుమించు ఆ దిక్కుననే. దారి యెదుట సూర్యుడు, సూర్యుని యెదుట అద్దము, అద్దము వెనుక మా బిడ్డ. ఒక మలుపు తిరుగగనే అద్దమంతయు పాలు పోసినట్లు తెల్లనైపోయినదట. దారియు లేదు, చెట్లు లేవు, ఏమియు లేదు. అతడు గట్టిగ బ్రేకు త్రొక్కెను. బండి నిలిచెను. తల బయటికి పెట్టి చూడగా, బారెడు దూరమున గొఱ్ఱెలమంద దారి దాటుచున్నది. మంద వెనుక పదేండ్ల పిల్లవాడు చేత కఱ్ఱ పట్టుకొని నిలిచిపోయి యీతనివంక చూచుచున్నాడు.

ఎవరికిని ఏమియు కాలేదు. గెలలు కొన్ని నలిగినవి. ఆనాడు మా అబ్బాయి యింటికి వచ్చి అన్నము ముట్టలేదు. కారణమడిగినచో, "వైపరు పాడైంది, అద్దం గీకింది. కొత్త అద్దం వేయించాల" అని మాత్రమే చెప్పెను. మరునాడు ప్రొద్దుటూరిలో క్రొత్త అద్దము వేయించెను. మేమును వైపరును తిట్టుకొని యూరకుంటిమి.

నాలుగు దినములకు, బండిలో తోడుపోవు క్లీనరు కుఱ్ఱవాడు మా యింట భోజనము చేయుచు మాట తప్పి నిజము చెప్పెను. అద్దము మార్చు మేస్త్రీ పాత అద్దమును ఎండకెత్తి చూపెనట. వైపరు తిరుగు మేర విల్లువలె వంగిన గీతలున్నవట. అవి కొన్నియే. తక్కినచోటంతయు, వైపరు అందని మూలలకూడ, సన్నని గుండ్రని గీతలు సాలెగూడువలె అల్లుకొని యున్నవట. "ఇది వైపరు పని కాదు నాయనా. ఎవరో పొడిగుడ్డతో రోజూ రుద్దుతున్నారు. దుమ్ముమీద పొడిగుడ్డ పెట్టడమంటే ఉప్పుకాగితంతో రుద్దినట్లే" అని మేస్త్రీ యనెనట. అందులకు మా అబ్బాయి, "నేనే రుద్దినా" అని చెప్పి మాట మార్చెనట.

ఆ మాట వినిన పిమ్మట మాలో నెవరికిని చేయి ఆడలేదు. మూడేండ్లు ప్రతిదినము మేము మా బిడ్డ కన్నులకు పొర కప్పుచుంటిమి. శ్రద్ధ యని మేము మురిసినదే అతనికి ముప్పైనది. సోమరులమై తుడువకున్నను అద్దమంత చెడియుండదు. సాయంకాలము అతడు రాగానే, "అబద్ధమెందుకు చెప్పినావురా?" అని అడిగితిమి. అతడు కొంతసేపు తల వంచుకొని, "నాలుగు గంటలకు లేచి తుడిచేది మీరు. తప్పు మీదని ఆయన అంటావుంటే నాకు వినబుద్ధి కాలేదు పెద్దమ్మా" అనెను.

అతడు క్షమించెను గాని, తప్పేమో తెలిసికొననిదే మాకు నిద్ర పట్టలేదు. విచారింపగా తెలిసినదిది. మా దారిలో దుమ్మనగా ఒక్కటి కాదు. నల్లరేగడి మన్ను, బండల లారీలనుండి లేచు సున్నపురాతి పొడి, సిమెంటు, బూడిద, వీనికి తోడు ట్రాక్టర్లనుండి రాలు పెన్న యిసుక. సున్నపురాయి గాజుకంటె మెత్తనిది. ఇసుక అట్లు కాదు. ఇసుకరేణువు గాజుకంటె గట్టిది. పొడిగుడ్డ క్రింద ఒక్క రేణువు చిక్కినను అద్దముపై గీత పడును. పగలు ప్రొద్దు నడినెత్తిన నున్నపుడు ఆ గీతలు కంటికానవు. ఎదుట సూర్యుడుండినను, రాత్రి యెదురుగ లారీ దీపము వచ్చినను, ప్రతి గీతయు వెలుగును చెదరగొట్టి అద్దమంతయు తెల్లనగును. అనగా చూపు మిక్కిలి కావలసిన వేళనే అద్దము ద్రోహము చేయును.

మఱి పొడిగుడ్డతో రుద్దవలసిన యవసరము మాకేల కలిగెను? మంచువలన. చలికాలపు రాత్రి మబ్బులేని యాకసము క్రింద అద్దము తన వేడిని ఆకసమునకు విడిచి, చుట్టునున్న గాలికంటెను చల్లబడును. అపుడు గాలిలోని తేమ దానిపై బొట్లుగ దిగును. దుమ్ముతో కలిసి యది బురదపొర యగును. చెట్టు క్రింద బండి నిలిపినచో ఆకసమునకు అడ్డుండుటచే మంచు తక్కువ దిగును. కాని చెట్టు క్రింద ఆకులు పడును. మాఘఫాల్గునములలో వేపచెట్టు ఆకు రాల్చును, ఉగాది ముందర పూత రాల్చును. ఉగాది పచ్చడికి ఏరుకొనవలసిన వేపపూవు బండి అద్దము క్రింది జాలీలో గుప్పెడు గుప్పెడుగ దొరకును. ఇటు చూచిన మంచు, అటు చూచిన ఆకు. ఈ రెంటి నడుమ మా బండి నలిగినది.

అప్పుడు సిగ్గు విడిచి మా అమ్మాయినే అడిగితిమి. "మీ దేశమున మంచును ఎట్లు తీయుదురే తల్లీ?" అంటిమి. ఈసారి ఆమె నవ్వలేదు. నిదానముగ చెప్పెను. తెలుగున మనకు మంచు అన్నిటికిని ఒకే మాట గాని, వారికి అది మూడు విధములు. దూదివలె పడునది ఒకటి. దానిని మెత్తని చీపురుకుంచెతో తీయుదురు. మొదట బండి కప్పుపై నున్నదానిని త్రోయవలెను. లేనిచో బ్రేకు త్రొక్కినపుడు ఆ గుట్ట యంతయు జారి అద్దముపై పడి దారిని మూసివేయును. రెండవది అద్దమున కంటుకొనిన పలుచని గడ్డమంచు. దానిని ప్లాస్టికు గీకుడు బిళ్లతో మాత్రమే తీయవలెను. ఇనుప అట్లకాడ పెట్టరాదు. మూడవది లోపల మన యూపిరివలన పట్టు ఆవిరి. దానిని బండి లోపలి వేడిగాలితో మెల్లగ ఆర్పుదురు.

అన్నిటికంటె ముఖ్యముగా, గడ్డకట్టిన అద్దముపై వేడినీళ్లు పోయరాదట. బండి ముందద్దము రెండు గాజుపలకల నడుమ ప్లాస్టికు పొర నుంచి అతికినది. వేడినీరు తగిలిన చోటు ఒక్కసారిగ వ్యాకోచించును, తక్కిన చోటు చల్లగ బిగిసియుండును. దానితో పగులు పుట్టును. చలికాలపు గాజుగ్లాసులో సలసల కాగు పాలు పోసినవారికి ఈ సంగతి మఱల చెప్పనక్కరలేదు. గడ్డ త్వరగా వీడుటకు వారు స్పిరిటు కలిపిన నీటిని చిలుకరింతురు. స్పిరిటు నీటివలె సులభముగ గడ్డకట్టదు. చలిదేశములలో వైపరు తొట్టిలో పోయు ద్రవమున తఱచుగ మిథనాలు అను విషముండును. కాబట్టి బిడ్డలకందనిచోట దాచుదురు. తలుపులు మూసిన కొట్టములో ఇంజను నడిపి బండిని వేడిచేయుట ప్రాణాంతకమనియు ఆమె హెచ్చరించెను. ఆ పొగలోని విషవాయువునకు రంగును వాసనయు లేవు.

"ఇంత పాటు తెల్లవారి పడలేమమ్మా. అందుకే రాత్రి పడుకొనేముందు రెండు నిమిషాలు. అద్దము కడిగి ఆరబెట్టి గుడ్డ కప్పుతాము. వైపరు అద్దానికి అంటుకొనకుండా పైకెత్తి పెడతాము. బండిని తూర్పుముఖంగా నిలుపుతాము, పొద్దు పొడిస్తే ఎండ సాయం చేస్తుంది" అనెను. ఆమె చెప్పినదంతయు మంచును గూర్చియే. మాకు వినబడినది మాత్రము మా దుమ్మును గూర్చి. రాత్రి రెండు నిమిషములు ముందుచూపు లేకపోవుటచేతనే తెల్లవారి తొందరపడి రుద్దుచుంటిమి. తొందరలో పట్టిన గుడ్డయే గీతలు గీచినది.

ఆనాడే మా అమ్మాయి యింకొక సంగతి చెప్పెను. స్త్రీలకు తెలియదగినది గనుక వ్రాయుచున్నాము. అద్దము తుడుచు వైపరును తొలుత కల్పించినవారిలో పేరొందినది మేరీ ఆండర్సన్ అను స్త్రీ. ఆమెది అమెరికా దక్షిణమున అలబామా రాష్ట్రమందలి బర్మింగ్‌హాం నగరము. ఇరువదవ శతాబ్దపు తొలి యేండ్లలో నొక చలికాలమున న్యూయార్కు నగరమునకు పోయి ట్రాముబండి యెక్కెను. అద్దముపై మంచువాన పడి దారి కానరాక, బండి నడుపువాడు ముందు కిటికీ తెఱచి చలిలో వణకుచు నడుపుచుండుట చూచెను. లోపల కూర్చుండియే చేతితో త్రిప్పినచో అద్దముపై రబ్బరుపలక తిరుగునట్టి సాధనమును ఆలోచించెను. 1903 నవంబరు 10వ తేదీన ఆమెకు దానిపై పేటెంటు హక్కు లభించెను. 1905లో కెనడాలోని యొక కంపెనీకి అమ్మజూపగా, దీనివలన వ్యాపారలాభము లేదని వారు త్రోసివేసిరి. హక్కు గడువు తీరినపిమ్మట కార్లు విస్తరించి వైపరు లేని బండి లేకపోయెను. ఆమెకు దానివలన ధనము దక్కలేదు. 1953లో మరణించెను. 2011లో అమెరికాలోని ఆవిష్కర్తల గౌరవసభలో ఆమె పేరు చేర్చిరి. 1917లో విద్యుత్తుతో నడుచు వైపరుపై హక్కు పొందినది షార్లెట్ బ్రిడ్జ్‌వుడ్ అను మఱియొక స్త్రీ. ఆమెకును ఫలము దక్కలేదు.

మేరీ ఆండర్సన్ మంచు కురియని యూరినుండి వచ్చినట్టిదే యని చెప్పవచ్చును. దక్షిణదేశపు వేడి నెఱిగిన కన్ను గనుక, అచ్చటివారు అలవాటుపడి చూడని కష్టము ఆమెకు కనబడెను. ఈ కథ వినిన పిమ్మట మేము వైపరును తిట్టుట మానితిమి.

ఇపుడు మా యింట జరుగు పద్ధతి యిది. రాత్రి భోజనములైన పిమ్మట ఒకరు నీళ్లు, ఒకరు గుడ్డ. మొదట రెండు చెంబుల నీరు పైనుండి క్రిందికి ధారగ పోయుదుము. గుడ్డ ముట్టకమునుపే ఇసుక నీటితో జారిపోవలెను. తరువాత తడిగుడ్డను పైనుండి క్రిందికి లాగుదుము, గుండ్రముగ త్రిప్పము. అద్దపు గుడ్డ అద్దమునకే. చక్రములు తుడిచినదియు, నూనె తగిలినదియు దాని దరికి రానీయము. వైపరు రబ్బరును తడిగుడ్డతో రెండు వైపుల తుడుతుము. అద్దము పొడిగ నున్నపుడు వైపరు త్రిప్పవలదని అబ్బాయితో ఒట్టు పెట్టించుకొంటిమి. మా బోరునీరు ఉప్పునీరు గనుక అద్దముమీదనే ఎండనిచ్చినచో తెల్లని మచ్చలు పడును. వెంటనే శుభ్రమైన గుడ్డతో ఒత్తి తీయుదుము. అప్పటికే పడిన మచ్చలు నిమ్మరసమునకు వీడినవి. పిమ్మట మంచినీటితో కడుగవలెను. వైపరు తొట్టిలో త్రాగునీరే పోయుదుము.

వేపాకును నీటితో త్రోయము, చేతితో ఏరుదుము. నీటితో త్రోసినచో ఆకు జాలీ క్రిందికి దిగి నీరు పోవు దారిని మూయును. వానకాలమున ఆ నీరు బండిలోపలికి కాఱి తీగెలను తడుపును. పక్షుల రెట్ట పడినచో గోటితో గీకక, తడిగుడ్డ కొంతసేపు పఱచి నానినపిమ్మట తీయుదుము. ఆఖరున కప్పు. పాత టార్పాలిను ముక్కకు లోపలివైపున మెత్తని నూలుబట్ట కుట్టి, అంచులను రెండు తలుపుల సందులలో బిగింతుము. అద్దమునకు తగులు వైపు ఏదో చీకటిలో తెలియుటకు ఒక మూలను ఎఱ్ఱదారముతో పువ్వు కుట్టితిమి. దుమ్ము పట్టిన వైపు లోపలికి పోయినచో కప్పియు ఫలములేదు.

తెల్లవారుజామున ఇపుడు అద్దముదగ్గర మాకు పనియే లేదు. కప్పు తీసి దులిపి మడిచి పెట్టుటయే. మంచు దానిమీదనే నిలిచిపోవును, ఆకులు దానితోనే పోవును. లోపల ఆవిరి పట్టినచో రెండువైపుల కిటికీలు కొంచెము దించి, ఆరిన పిమ్మటనే కదలుమని అబ్బాయికి చెప్పుదుము. ఆ రెండు నిమిషములకు ప్రొద్దుటూరు అంగడి పారిపోదు.

సోదరీమణులారా! మీలో ననేకుల యిండ్లలో నేడు బండ్లున్నవి. భర్తయో, కొడుకో, మీరే స్వయముగనో నడుపుచుందురు. రేపు ఉదయము ఎండకెదురుగ కూర్చుండి మీ బండి అద్దమును ఒకసారి చూడుడు. గుండ్రని గీతలు కనబడినచో వైపరును తిట్టకుడు. తుడిచిన చేయి యెవరిదో తలచుకొనుడు. ఆ చేతిలో ప్రేమ యున్నదని మాకు తెలియును. మా చేతిలోను ఉండెను. దానికి ముందర రెండు చెంబుల నీరు మాత్రమే లేకపోయెను.

నిన్నటి తెల్లవారుజామున బండి సాగనంపి ఫోను తీయగానే మా అమ్మాయి, "అద్దము కప్పినారా అమ్మా?" అని అడిగెను. "రాత్రే కప్పినాము, ఇపుడే తీసినాము. మఱి నీవో?" అంటిమి. "ఇంకా వెలుతురుండగనే కప్పినాను" అనెను.